పదకొండు రోజుల మాత్రలు

జూన్ 3, సోమవారం. సాయంత్రం

నూట నలభై ఎనిమిది, తొంభై ఆరు. నమ్మకం లేక ఇంకోసారి చూశారు. ఇంకో రెండు పెరిగింది.

నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నారని డాక్టరమ్మ అడిగింది. నా ఉద్యోగమేమిటో చెప్పబోతే, తెలుసులెండి, మీకు నేను కొత్తగా చెప్పేదేముంది అంది. నిజమే. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగిన తల్లులూ, వాళ్ళ పిల్లలూ. మూడేళ్ళుగా నా ఉద్యోగమంతా వాళ్ళతోనే. ఇప్పుడు నేనూ వెళ్ళి వాళ్ళ వరసలో నిలబడ్డాను.

బుర్ర సరిగ్గా పనిచేస్తుండగానే మా స్టడీ సంగతి ఒకసారి రాసి పెట్టుకుంటాను. ఎనిమిదేళ్ళ కిందట మొదలుపెట్టి, మూడేళ్ళపాటు, బీపీ కొంచెం పెరిగిన గర్భిణులను చీటీలు తీసినట్టుగా రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి మొదటి నుంచీ మాత్రలు. రెండో గ్రూపుకి బీపీ బాగా ఎక్కువైతేనే మాత్రలు. వాళ్ళ పిల్లలకి నాలుగేళ్ళు నిండగానే నా దగ్గరికి తెస్తారు. ఎలా ఎదిగారో చూడడం నా పని. ఎర్ర బ్లాకులతో టవర్ కట్టమంటాను. పూసలు గుచ్చమంటాను. బొమ్మలు చూపించి పేర్లు అడుగుతాను. మార్కులు వేస్తాను. పిల్లలు నన్ను బ్లాకులాంటీ అంటారు.

ఎవరి తల్లి ఏ గ్రూపో నాకు తెలియకూడదు. తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుంది, మార్కులూ అటే వెళతాయి. అందుకే తల్లులకు ముందే చెబుతారు, లోపల ఆవిడ దగ్గర మాత్రల ఊసెత్తకండి అని. ఆ లిస్టు రిజిస్టరమ్మ బీరువాలో ఉంటుంది. ఆఫీసులో రిజిస్టర్లన్నీ ఆవిడవే, అందుకని రిజిస్టరమ్మ. బీరువా తాళంచెవి మెళ్ళో వేసుకుని తిరుగుతుంది.

మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నాకు ఇరవై ఏడు వారాలు. మొదటిది వేసుకున్నాను. చేదుగా ఏం లేదు.


జూన్ 5, బుధవారం

తొమ్మిదికి మాత్ర. పదిన్నరకల్లా ప్రపంచం చుట్టూ ఎవరో దూది చుట్టేశారు.


జూన్ 10, సోమవారం

ముగ్గురు పిల్లలు. ఒక అబ్బాయి తొమ్మిది బ్లాకులు నిలబెట్టాడు. పదోది పెట్టబోతే మొత్తం కూలింది. టవర్ వైపు వంగి దానికి సారీ చెప్పాడు. సారీ చెప్పినందుకు మార్కులు లేవు. ఉంటే బావుండేది.

వాడు వెళ్ళిపోతుంటే, వీడి తల్లికి మాత్రలు ఇచ్చి ఉండరు అనుకున్నాను. అనుకుని ఉలిక్కిపడ్డాను. మూడేళ్ళలో ఒక్క పిల్లాడి గురించి కూడా ఇలా అనుకోలేదు. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు అసలు అనుకోకూడదు.

లంచ్ టైములో బల్ల మీద తల వాల్చాను. కల. గది నిండా గోరువెచ్చని నీళ్ళు. బ్లాకులు పైకి తేలుతున్నాయి. నా కడుపులోంచి లోపలి మనిషి ఈదుకుంటూ వచ్చి ఒక్కొక్క బ్లాకూ పట్టుకుని నీళ్ళలోనే టవర్ కడుతోంది. కింద బల్ల లేదు, అయినా టవర్ నిలబడింది. ఎన్ని బ్లాకులో లెక్కపెడదామంటే నాకు అంకెలు గుర్తు రావడం లేదు. ఆ గుర్తు రాకపోవడం కూడా హాయిగానే ఉంది. రిజిస్టరమ్మ భుజం తట్టి లేపింది. నిద్ర బాగా పట్టిందే, మార్కుల షీటు మీద చొంగ కార్చకు అంది.


జూన్ 14, శుక్రవారం

అత్తయ్య వచ్చింది. ఆస్పత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. దుప్పటి వాసన చూసి ఏ వార్డుదో చెప్పగలదు. రాగానే మా పక్క గుడ్డలన్నీ పీకి ఉతికేసింది. నిన్ను చూసుకోడానికి వచ్చాను కానీ ముందు నీ దిండు గలీబుల్ని చూసుకోవాలి అంది.

మా ఆయన బీపీ మెషిన్ కొనుక్కొచ్చాడు. లిఫ్టు మెకానిక్ కదా, ఏ మెషినైనా ముందు విప్పి చూడాలని చేతులు దురద పెడతాయి. దీన్ని మాత్రం విప్పలేదు. స్కేలు పెట్టి గళ్ళు గీసి అట్ట మీద ఒక కార్డు తయారుచేశాడు. పొద్దున్నే చూసి అందులో అంకె రాయాలట. లిఫ్టులో బరువు ఎక్కువైతే కూత పెట్టి ఆగిపోతుంది, మనిషికి ఆ కూత లేదు కాబట్టి మనమే చూసుకోవాలి అన్నాడు. లిఫ్టుతో పోలిస్తే ఏ పెళ్ళామైనా మురిసిపోతుందా? నేను మురిసిపోయాను.

ఇవాళ 132.


జూన్ 19, బుధవారం. మధ్యాహ్నం

భోంచేశాక ఎడమవైపు తిరిగి పడుకుని తన్నులు లెక్కపెట్టమన్నారు. నేను పొద్దున కూడా లెక్కపెడుతున్నాను. మాత్రకు ముందు గంటలో పన్నెండు. మాత్ర వేసుకున్నాక గంటలో నాలుగు. నాకు మత్తుగా ఉంటే లోపల దానికి కూడా మత్తే కదా.

చెకప్‌లో డాక్టరమ్మను అడిగాను. మీ మగత వేరు, బిడ్డ నిద్ర వేరు, వాళ్ళు కడుపులో రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటారు అంది. ఈ మాత్ర ఎన్నో ఏళ్ళుగా తల్లులకు ఇస్తున్నదే, పిల్లల ఎదుగుదల మీద భయపడాల్సిందేమీ ఇంతవరకూ కనిపించలేదు, అయినా ఇంకా గట్టిగా తెలుసుకోవాలనే కదా మీ స్టడీ అంది. పది మాటలు చెప్పింది. ఇంటికి వచ్చేసరికి నా చెవిలో చివరిది ఒక్కటే మిగిలింది. ఇంకా గట్టిగా తెలియదు.


జూన్ 21, శుక్రవారం

ఎర్ర బూట్ల పిల్ల వచ్చింది.

బయట వాన లేదు, అయినా మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. వాళ్ళమ్మ బస్సు డ్రైవరు. డ్యూటీ మధ్యలో యూనిఫారంతోనే వచ్చింది. ఆ బూట్లు పడుకున్నా విప్పనివ్వదండీ, మా ఇంట్లో ఆవిడదే రాజ్యం అని నవ్వింది. నవ్వుతూనే పిల్ల జుట్టు సరిచేసింది, కాలరు సరిచేసింది, మళ్ళీ జుట్టు సరిచేసింది. పరీక్షకు ముందు తల్లులందరూ చేసే పనే.

పిల్లకి ఒక బ్లాకు ఇచ్చాను. అటు తిప్పి చూసింది. ఇటు తిప్పి చూసింది. చెంపకు ఆనించుకుంది. రెండోది దాని మీద పెట్టమన్నాను. పెట్టలేదు. మూడుసార్లు నేనే పెట్టి చూపించాను. నాలుగోసారి చూపించడానికి రూలు ఒప్పుకోదు. బొమ్మలు తీశాను. కుక్క, కుర్చీ, గొడుగు, చేప. దేనికీ పేరు రాలేదు. గొడుగు బొమ్మ మీద మాత్రం వేలు పెట్టి, చాలాసేపు ఆలోచించి, ఊఁ అంది.

కిటికీలోంచి ఎండ వచ్చి బల్ల మీద పడింది. ఆ ఎండలో దుమ్ము మెల్లగా తిరుగుతోంది. పిల్ల దాన్ని చూస్తూ ఉండిపోయింది. నేనూ చూస్తూ ఉండిపోయాను. గదిలో ఇద్దరమే, ఎవరికీ తొందర లేదు. ఎక్కడో తలుపు పడిన చప్పుడుకి తేరుకుని చూస్తే స్టాప్‌వాచ్ నాలుగు నిమిషాలు నడిచేసింది. షీటులో ఏం రాయాలో తోచలేదు. ఈలోగా పిల్ల కూర్చున్నచోటే నిద్రలోకి జారింది. సగం పరీక్ష మిగిలిపోయింది. జూలై 4న మళ్ళీ తీసుకురమ్మన్నాను.

బస్సులో వస్తూ అదే ఆలోచన. ఆ పిల్ల అచ్చం నాలా ఉంది. మాత్ర వేసుకున్నాక పదిన్నరకి నేనెలా ఉంటానో అలా ఉంది. నాకు సాయంత్రానికి దిగిపోతుంది, ఆ పిల్లకు నాలుగేళ్ళయినా దిగలేదు. ఇది మాత్రల పిల్లే. రిజిస్టరమ్మ బీరువా తెరవక్కర్లేదు.

కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. నాకు భయమేసింది. నా బిడ్డ ఎండలో దుమ్ము చూస్తూ ఉండిపోతే నేను తట్టుకోలేను. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది. మూడేళ్ళుగా ఎంతమంది తల్లులకు ధైర్యం చెప్పానో. ఏ పిల్ల తీరు ఆ పిల్లదే అండీ అని.


జూన్ 24, సోమవారం

వేసుకోలేదు. పొద్దుటిదీ, సాయంత్రానిదీ రెండూ వాష్‌బేసిన్‌లో వేసి నీళ్ళు వదిలాను. ఎదురుగా అద్దం ఉంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నేనూ దానివైపు చూడలేదు.


జూన్ 26, బుధవారం

దూది విడిపోయింది. కుళాయి కారే చప్పుడు, పైవాళ్ళ కుక్క నేల మీద గోళ్ళతో నడిచే చప్పుడు, అత్తయ్య బట్టలు దులిపే చప్పుడు, అన్నీ విడివిడిగా వినిపిస్తున్నాయి. ఆఫీసులో మధ్యాహ్నం నిద్ర రాలేదు. లోపలి మనిషి గంటలో పదిహేడు తన్నులు తన్నింది. పదిహేడు! ఎంత చురుకో. ఇన్నాళ్ళూ పాపం మాత్రల కింద అణిగి ఉంది.

మెషిన్‌లో 150. కార్డులో 130 అని రాశాను.

కొట్టివేత లేకుండా, గుండ్రంగా రాశాను. అదే వింతగా ఉంది. మార్కుల షీటులో ఒక్క అంకె దిద్దినా పక్కన సంతకం పెట్టి తేదీ వేసే మనిషిని నేను.


జూన్ 29, శనివారం

డైరీ వెనక పేజీలో జాబితా వేశాను. పేర్లు రాయలేదు, గుర్తులు రాశాను. సారీ అబ్బాయి: మాత్రలు లేవు. రెండు జడల పిల్ల: మాత్రలు లేవు. పూసలు నోట్లో పెట్టుకున్నవాడు: మాత్రలు. ఎర్ర బూట్లు: మాత్రలు. మొత్తం ఇరవై ఒక్కమంది. చురుకైనవాళ్ళంతా ఒకవైపు, మందకొడివాళ్ళంతా ఒకవైపు. కళ్ళకు కట్టినట్టు ఉంది. ఇంత తేలిగ్గా తెలిసిపోయేదానికి ఇన్నేళ్ళ స్టడీ ఎందుకో, ఆ తాళంచెవి ఎందుకో.

మా ఆయనతో మాటవరసకి అన్నాను, మాత్రలవల్ల పిల్లలు మందకొడిగా అవుతారేమోనని. మీ స్టడీలో తేలిందా అన్నాడు. ఇంకా లేదు అన్నాను. అయితే తేలేదాకా డాక్టరమ్మ మాటే మాట, నేనైతే మాన్యువల్ చూడకుండా లిఫ్టు తీగ ముట్టుకోను అన్నాడు. కార్డు చూసి, శభాష్, నూట ముప్పైల్లోనే ఉంటోంది అని నా నెత్తిన ముద్దు పెట్టాడు.


జూన్ 30, ఆదివారం. మధ్యాహ్నం మూడు

కలలో లోపలి మనిషి నాకు పరీక్ష పెట్టింది. చిన్న బల్ల, చిన్న కుర్చీలు. అటువైపు తను, ఇటువైపు నేను. బొమ్మలు ఒక్కొక్కటీ తీసి చూపిస్తోంది. ఏ బొమ్మకీ నాకు పేరు రావడం లేదు. ఏదో గుండ్రంగా ఉంది, ఏదో నీలంగా ఉంది. నాకు ఏడుపొస్తోంది. తనకి కోపం లేదు. మార్కులు వెయ్యడం లేదు. గడ్డం కింద చేతులు పెట్టుకుని, నాకు తెలిసేదాకా కూర్చుంటాను అన్నట్టు కూర్చుంది.

లేచేసరికి దిండు తడిసింది. తల దిమ్ముగా ఉంది.


జూలై 2, మంగళవారం

వేళ్ళు వాచి ఉంగరం రాలేదు. అత్తయ్య సబ్బు రాసి తీసింది. పాదం మీద వేలితో నొక్కి చూసింది. గుంట పడి అలాగే ఉండిపోయింది. మాత్రలు అయిపోవచ్చాయేమో, తెప్పించమంటావా అని మామూలుగానే అడిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, రోజూ వేసుకుంటూనే ఉన్నాను కదా అని అరిచాను. ఆవిడ తెల్లబోయి సబ్బు పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని తుడిచింది. చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు.

మెషిన్ 158. కార్డు 134.


జూలై 3, బుధవారం

తలనొప్పి. ఎండకేమో.


జూలై 5, శుక్రవారం. ఉదయం, ఆస్పత్రి

పెన్ను నర్సుది. ఎడమచేతికి సూది. ఒంట్లోకి ఏదో వెచ్చగా పాకుతోంది. ఎండలో కాగిన నీళ్ళు నరాల్లోకి పోస్తున్నట్టు ఉంది. ఫిట్స్ రాకుండా ఇచ్చే మందట. అక్షరాలు కాగితం మీద నిలబడడం లేదు, అయినా నిన్నటిది రాయాలి.

నిన్న ఎర్ర బూట్ల పిల్ల మళ్ళీ వచ్చింది. ఈసారి మెలకువగా ఉంది, పూసలు రెండు గుచ్చింది. పరీక్ష అయిపోయాక వాళ్ళమ్మ తలుపు దగ్గర ఆగింది. చెప్పకూడదని తెలుసు కానీ ఒక్క మాట అడుగుతానండీ అంది. నేను ఆపేలోపే అడిగేసింది. మాత్రలు ఇచ్చే చీటీ నాకు వచ్చి ఉంటే నా పిల్ల ఈపాటికి మాట్లాడేదా అని.

నాకు అర్థం కాలేదు. మీకు ఇచ్చారు కదా అన్నాను. నా నోటితో నేనే. ఆవిడ తల అడ్డంగా ఊపింది. తను రెండో గ్రూపట. బీపీ బాగా పెరిగితేనే ఇస్తామన్నారట. ఏడో నెలలో ఒక్క వారంలో పెరిగిపోయిందట, అప్పుడు ఇచ్చారు కానీ బస్సు డిపోలోనే ఫిట్స్ వచ్చి పడిపోయిందట. పిల్ల పుట్టినప్పుడు కిలో వంద గ్రాములట. నా గ్రూపులోనే ఉన్న మా పక్కవీధి ఆవిడకి ఏమీ కాలేదండీ, వాళ్ళ పిల్లాడు తెగ వాగుతాడు, అందుకే ఎవర్ని తిట్టుకోవాలో తెలీదు అంది. అడిగిన ప్రతి డాక్టరూ చెప్పలేమనే అన్నారట. మీరు రోజూ ఇంతమంది పిల్లల్ని చూస్తారు కదా, మీకు తెలిసే ఉంటుంది అంది.

నాకు తెలుసనుకున్నాను. రెండు వారాలుగా.

ఆవిడ వెళ్ళాక కుర్చీలో కూర్చున్నాను. ఏ పిల్ల నెమ్మదిగా ఉంటే ఆ పిల్లను మాత్రల వైపు రాశాను. రాసి, చూడు, మాత్రల వైపు అంతా నెమ్మదే అనుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నాను, నాలుగోది నా చేత్తో నేనే మడిచి పట్టుకుని. బయటివాళ్ళెవరైనా ఈ పని చేస్తే నేనే నవ్వి ఉండేదాన్ని. ఇలాంటి పని జరగకుండా ఉండడానికే నాకు జీతం ఇస్తున్నారు.

ఏ గ్రూపో నాకు తెలిసిపోతే ఒక ఫారం నింపాలి. దానికోసం రిజిస్టరమ్మ దగ్గరికి నడుస్తుంటే కారిడార్లో కళ్ళ ముందు మెరుపులు. దీపాల చుట్టూ వెండి రజను రాలుతున్నట్టు. చాలా అందంగా ఉంది. ఆగి చూస్తున్నాను. రిజిస్టరమ్మ నా ముఖం చూసి ఫారం ఇవ్వలేదు, కుర్చీలోకి తోసి నా చేతికి బీపీ పట్టీ చుట్టింది. నూట డెబ్భై రెండు, నూట పన్నెండు.

ఇప్పుడు అసలు సంగతి. పొద్దున డాక్టరమ్మ అడిగింది, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని. వేసుకుంటున్నాను అన్నాను. మా ఆయన జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. ఒక్క రోజు తప్పిపోలేదు మేడమ్, చూడండి, అన్నీ నూట ముప్పైలే అన్నాడు. గొంతులో గర్వం. డాక్టరమ్మ కార్డు చూసి, నన్ను చూసి, మళ్ళీ కార్డు చూసింది. మాత్రల మీద ఉండి కూడా ఒక్కసారిగా ఇంత పెరిగిందంటే మందుకు లొంగడం లేదన్నమాట, ఇంక ఆగడం మంచిది కాదు, సాయంత్రం ఆపరేషన్ చేసి బిడ్డను తీసేద్దాం అంది. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడే ఇంజెక్షన్ నిన్న సాయంత్రమే వేశారు. అది పూర్తిగా పని చెయ్యాలంటే రెండు రోజులు కావాలట. అంత టైము లేదట.

ముప్పై రెండు వారాలు కూడా నిండలేదు.

నేను నోరు తెరవలేదు.


అదే రోజు, మధ్యాహ్నం మూడు

చెప్పేశాను.

కునుకు పట్టింది. కలేమీ రాలేదు. నిన్నటి ఆవిడ గొంతు ఒక్కటే, ఎవర్ని తిట్టుకోవాలో తెలీదు అని. లేచి బెల్లు నొక్కాను. నర్సు వచ్చింది. డాక్టరమ్మను పిలవమన్నాను. మా ఆయన స్టూలు మీదే ఉన్నాడు. బయటికి వెళ్ళమందామనుకుని మానేశాను. పదకొండు రోజులుగా మాత్రలు వేసుకోలేదని చెప్పాను. కార్డులో అంకెలు నేను కల్పించినవని చెప్పాను. అసలు అంకెలు ఈ డైరీలో కొన్నే ఉన్నాయి, మిగతావి గుర్తున్నంతవరకు చెప్పాను. 150. 152. 158.

డాక్టరమ్మ తిట్టలేదు. మీరు కూడానా అని సగంలో ఆపేసింది. మందు పని చెయ్యకపోవడం వేరు, మందు కడుపులో పడకపోవడం వేరు అంది. ఇప్పుడు మందు మొదలుపెట్టి చూద్దాం, బీపీ దిగి, రక్తపరీక్షలు బావుంటే రెండు మూడు రోజులు దొరుకుతాయి, లేకపోతే సాయంత్రమే అంది. ఆ రెండు మూడు రోజులు నా నోట్లోనే ఉన్నాయి పొద్దుటినుంచీ. నేను మింగి కూర్చున్నాను.

మా ఆయన, అంకెలు కూడానా అన్నాడు. అవును అన్నాను. మాత్రలు మానితే భయపడి మానావనుకుంటాను, ఆ అంకెలు చూసి నేను రోజూ గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నానే అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. ఆయన కంట్లో నీళ్ళు చూడడం ఇదే మొదలు.

గంటన్నరకి తిరిగొచ్చాడు. స్టూలు మంచం దగ్గరికి లాక్కున్నాడు. మాట్లాడలేదు. మెషిన్ చప్పుడు చేసినప్పుడల్లా లేచి తెర మీద అంకె చూసి, సిగరెట్ పెట్టె అట్ట చింపి దాని మీద తనే రాసుకున్నాడు. నన్ను అడగలేదు.


జూలై 6, శనివారం

146. రక్తపరీక్షలు ఫర్వాలేదన్నారు. మళ్ళీ దూది. ఈ దూదిలో నేనూ, లోపలి మనిషీ పక్కపక్కనే పడుకుని ఉన్నాం. గంటలో అయిదు తన్నులు. మెషిన్ పెట్టి గుండె చప్పుడు వినిపించారు, గుర్రం పరిగెత్తినట్టు ఉంది. అయిదే తన్నింది కానీ బాగానే ఉందట. పడుకుందట, అంతే.


జూలై 8, సోమవారం

ఆడపిల్ల. 1,580 గ్రాములు. ఒకసారి కీచుమని ఏడ్చింది, తర్వాత తీసుకెళ్ళిపోయారు.


జూలై 11, గురువారం

గాజు పెట్టెలో ఉంది. గాజుకి రెండు గుండ్రటి కిటికీలు, అందులోంచి చెయ్యి పెట్టనిస్తారు. అరచేయి వీపు మీద ఆనిస్తే వీపంతా కప్పుకుపోతుంది. ముక్కులోకి ఒక ట్యూబు, పాలకి. ఊపిరి తనే తీసుకుంటోంది. ఇంజెక్షన్‌కి టైము దొరకడం మంచిదైంది అన్నారు.

అత్తయ్య ఇంట్లో గుడ్డలు మెత్తబడేదాకా నాలుగుసార్లు ఉతికి తెచ్చింది. నాతో మాట్లాడుతోంది, కానీ మునుపటి ఎకసెక్కాలు లేవు. అవి లేకపోతే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

డాక్టరమ్మని అడిగాను. నేను మాత్రలు మానకపోయి ఉంటే ఈ పిల్ల నెలలు నిండాక పుట్టేదా అని. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. మానడం తప్పే, అందులో సందేహం లేదు, మీ ప్రాణానికీ ప్రమాదమే అంది. కానీ ఈ జబ్బు మాత్రలు వేసుకున్నవాళ్ళలోనూ కొందరికి ముదురుతుంది, వేసుకోనివాళ్ళలోనూ కొందరికి ముదరదు, మీ విషయంలో ఏం జరిగేదో నాకు తెలియదు అంది. వందమందిని అటూ, వందమందిని ఇటూ పెడితే తేడా చెప్పగలం, ఒక్క మనిషిని రెండువైపులా పెట్టలేం కదా అంది. ఈ మాటే నేను ఎంతమంది తల్లులకు చెప్పానో.

సాయంత్రం రిజిస్టరమ్మ వచ్చింది. వెనక పేజీ జాబితా గురించి చెప్పాను. ఆవిడ తాళంచెవి నలుపుతూ వింది. జూన్ పది నుంచి నేను చూసిన పిల్లలందర్నీ మళ్ళీ పిలవాలట, వేరే ఆవిడ పరీక్ష పెడుతుందట. బస్సు డ్రైవరు మళ్ళీ డ్యూటీ మధ్యలో రావాలి. నన్ను ఆ కుర్చీలో ఇంక కూర్చోనివ్వరేమో. ఏం చేస్తారో పైవాళ్ళు చెబుతారు అంది. వెళ్ళేముందు గాజు దగ్గర వంగి, ఏమ్మా, మీ అమ్మ బుర్రలో ఉన్నదంతా నమ్మకు అంది. అది తిట్టో, ముద్దో తెలియలేదు.


జూలై 16, మంగళవారం

మా ఆయన పిల్లను గుండెల మీద పెట్టుకుని గంట కూర్చున్నాడు. లేచేటప్పుడు నా చేతికి ఇచ్చి, జాగ్రత్త అన్నాడు. పదకొండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.


జూలై 25, గురువారం. మధ్యాహ్నం

ఇవాళ నువ్వు ట్యూబు లేకుండా పాలు తాగావు. ముప్పై మిల్లీలీటర్లు, నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు నిద్రపోయావు.

నీకు నాలుగేళ్ళు వచ్చాక మాటలు ఆలస్యమైతే, నా పదకొండు రోజులవల్లే అనుకుంటాను. గలగలా మాట్లాడితే, ఇంకా ఎన్ని మాట్లాడేదానివో అనుకుంటాను. ఇది నాకు పట్టిన జబ్బు, నీది కాదు. నీకు అర్థమయ్యే వయసు రాగానే నేనే చెబుతాను, ఇంకెవరి నోటా వినకముందే. నువ్వు చురుగ్గా పుట్టాలని నిన్ను ప్రమాదంలోకి తోశాను. నీ గురించి నీకంటే ముందే తెలుసుకోవాలనుకున్నాను.

ఇప్పుడు నాకు తెలిసినవి మూడు. నీకు ఎడమవైపు పడుకోవడం ఇష్టం. ఆవలించాక ఆశ్చర్యపోతావు. ఆకలేస్తే ఏడవవు, ఊరికే చూస్తావు.

చూడకు, ఏడు. గట్టిగా ఏడు. నేను ఇక్కడే ఉన్నాను.